రాజలింగం చేతి పని

బుధవారం మధ్యాహ్నానికి పెడల్ తొక్కితే సాఫీగా దిగుతోంది, వదిలితే సాఫీగా పైకి లేస్తోంది. అయినా రాజలింగానికి మనసు కుదుటపడలేదు.

నలభై ఎనిమిదేళ్ల నాటి కారు అది. సినిమా షూటింగులకు పాత కార్లు అద్దెకిచ్చే పార్టీ ఒకాయన దాన్ని లారీ మీద తెచ్చి, ముంబై కామాటిపుర పదకొండో గల్లీలో విక్కీ వర్క్‌షాపు ముందు దించి మూడు వారాలైంది. లోపలి ఇంజను ఎప్పుడో చచ్చింది. తుక్కుకు పోతున్న ఒక వ్యానులోంచి విక్కీ ఇంజనూ, ఐదు గేర్ల గేర్‌బాక్సూ సంపాదించుకొచ్చాడు. అవి రెండూ కారు కడుపులో కుదురుగానే కూర్చున్నాయి. కూర్చోనిదల్లా క్లచ్చే.

పాత కారులో క్లచ్ అంటే ఇనుప కడ్డీల వ్యవహారం. కాలు తొక్కితే కడ్డీ లాగుతుంది, అంతే. కొత్త గేర్‌బాక్సుది నూనెతో నడిచే క్లచ్. పెడల్ తొక్కగానే పైనున్న చిన్న సిలిండర్లోంచి నూనె సన్నటి గొట్టంలో కిందికి దిగి, గేర్‌బాక్సు పక్కన బిగించిన ఇంకో సిలిండర్లోకి పోతుంది. ఆ సిలిండర్ కడ్డీ ముందుకొచ్చి, క్లచ్‌ను విడిపించే ఫోర్కును నెడుతుంది. అప్పుడు ఇంజను చక్రాలను వదిలేస్తుంది. వ్యానులో ఆ కింది సిలిండర్ ఉండే చోట ఈ కారుకు చాసిస్ దూలం అడ్డొచ్చింది. అందుకని రాజలింగం దాన్ని రెండో పక్కకు మార్చాడు. అక్కడ కూర్చోబెట్టడానికి మందపాటి ఇనుప రేకును కోసి, వంచి, వెల్డింగ్ చేసి ఒక బ్రాకెట్ తయారుచేశాడు. గల్లీలో ఇంకెవరికీ తట్టని ఉపాయం అది. యాభై ఎనిమిదేళ్ల రాజలింగం విక్కీ దగ్గర జీతానికి లేడు. ఏ వర్క్‌షాపులో చిక్కుముడి లాంటి పని పడినా ఆయన కోసమే మనిషిని పంపుతారు.

వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేపి, ఇంజను నడుస్తుండగా మొదటి గేరు వేయించి, విక్కీ చేత క్లచ్ తొక్కించాడు. చక్రం ఆగాలి. ఆగలేదు. నిద్ర పట్టని మనిషి పక్క మీద దొర్లినట్టు, నెమ్మదిగా తిరుగుతూనే ఉంది.

"చూసినవా? పూర్తిగ ఇడుస్తలేదు," అన్నాడు రాజలింగం. "నీ జూనా సిలిండరే ఇది, ఆ తుక్కు వ్యానుది. లోపల రబ్బరు అరిగి నూనె వెనక్కి పోతున్నట్టుంది. కొత్తది తెప్పియ్యమని చెప్పిన గద."

"చేత్తోని పట్టి చూడు కాకా," సీట్లోంచే అన్నాడు విక్కీ.

పట్టుకుంటే చక్రం ఆగింది.

"ఆగింది గద! కొత్త నూనె, చిక్కగుంటది. నాలుగు దినాలు నడిస్తే అదే సెట్ అయితది. శనివారం పొద్దుగాల పార్టీ వస్తడు కాకా. ఇంత జల్దీల కొత్త సిలిండర్ యాడికెల్లి తేవాలె?"

రాజలింగం చక్రం మీది నుంచి చెయ్యి తీసి గుడ్డతో తుడుచుకున్నాడు. తర్వాత "నీ మర్జీ" అని జాకీ దించాడు.

కారును గల్లీలోకి తీసి ఒక చుట్టు తిప్పాలి. వర్క్‌షాపు నేల వీధి వైపు వాలుగా ఉంటుంది. చేతి బ్రేకు తీగ ఇంకా కలపలేదు గనక ముందు చక్రానికి ఒక రాయి అడ్డం పెట్టారు. ఎదురుగా ఒక పాత చాల్‌ను, వరస గదుల మేడను, కూలుస్తున్నారు. మట్టీ ఇటుకముక్కలూ మోసే కూలీలు ఇనుప తట్టల్లాంటి గమేళాలతో వర్క్‌షాపు ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతున్నారు. అందరూ పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. విక్కీ సీట్లో క్లచ్ తొక్కి, బ్రేకు మీద కాలు ఆనించి ఉన్నాడు. రాజలింగం బానెట్ దగ్గర నిలబడి ఇంజను చప్పుడు వింటున్నాడు. ఖాళీ గమేళా చంకన పెట్టుకొని పోతున్న ఒకతను కనిపించాడు.

"తమ్మీ, జర ఆ రాయి తీయ్," అన్నాడు తెలుగులో.

ఆ మనిషి తెలుగు విని ఆగాడు. నవ్వాడు కూడా. గమేళా కింద పెట్టి, చక్రం ముందు వంగి, కుడిచేత్తో రాయి పట్టుకున్నాడు.

కారు కదిలింది.

ఎగిరి దూకలేదు. గర్జించలేదు. ఎవరో పిలిస్తే మనిషి ఒక అడుగు ముందుకు వేసినట్టు కదిలింది, అంతే. చక్రం రాతి మీదికెక్కి ఆగింది. విక్కీ బ్రేకు గట్టిగా తొక్కాడు, ఇంజను ఆరిపోయింది. 

"అయ్యా," అన్నాడు వంగిన మనిషి, అరవకుండా, ఏదో మనవి చేసుకుంటున్నట్టు. "నా చెయ్యి దాని కిందున్నది."

* * *

అతని పేరు మొగులయ్య అని రాజలింగానికి మర్నాడు తెలిసింది, పోలీసు హవల్దార్ నోట.

గురువారం పదిగంటలకు వచ్చాడు హవల్దార్. చెయ్యి బయటికి తీయడానికి జానెడు వెనక్కి నెట్టిన కారు అక్కడే ఉంది. రాతి మీద నీళ్లు పోసి కడిగారు. విక్కీ రాత్రంతా నిద్రపోలేదని కళ్లు చెబుతున్నాయి. అతనికి ఇంకా ముప్పై దాటలేదు, వర్క్‌షాపు వాళ్ల నాన్న ఇచ్చిపోయింది. ఈ వరసకు కూడా కూల్చివేత నోటీసులు వస్తాయని గల్లీ అంతా అనుకుంటున్నారు. హవల్దార్‌కు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, మరాఠీలో గబగబా చెప్పుకుపోయాడు.

"బండిలో లోపం ఏమన్నా ఉందా?" అని హవల్దార్ అడిగాడు.

"లోపమా? సాహెబ్, ఇది రాజలింగం కాకా చేతి పని," అన్నాడు విక్కీ. "ఈ గల్లీలో ఎవరినైనా అడగండి. ముప్పై ఏళ్లలో ఈయన కట్టిన బండి ఒక్కటి వెనక్కి రాలేదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ పాన్ దుకాణం మనిషి అవునన్నట్టు తలూపాడు. వెనక ఇంకెవరో కూడా "కాకా పనికి వంక పెట్టేదే లేదు" అన్నారు.

"బండి సరిగ్గా ఉన్నప్పుడు తప్పు మనిషిదే కదా సాహెబ్. వాడు తాగి ఉన్నాడు. రాయి వదిలి చెయ్యి తీసుకోవాలన్న తెలివి కూడా లేదు వాడికి."

రాజలింగం చేతిలో గుడ్డపేలిక ఉంది. దాంతో శుభ్రంగానే ఉన్న వేళ్లను మళ్లీ మళ్లీ తుడుచుకుంటున్నాడు. మొగులయ్య వంగినప్పుడు తను రెండడుగుల దూరంలో ఉన్నాడు. సున్నం వాసన, చెమట వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

"తాగి ఉన్నాడా?" హవల్దార్ ఆయన వైపు తిరిగాడు.

"నాకైతే వాసన రాలేదు సాహెబ్."

"మరి బండి?"

విక్కీ చూపు తన మీద ఉందని రాజలింగానికి తెలుసు. సిలిండర్ సంగతి నోటి దాకా వచ్చింది. విప్పి చూడకుండా మాట అనడం ఆయనకు అలవాటు లేదు.

"విప్పి చూడాలె సాహెబ్."

"చూడు. శనివారం పోలీసు చౌకీకి వచ్చి, చూసింది చెప్పి సంతకం పెట్టు," అని హవల్దార్ లేచాడు. కాగితం మీద మాత్రం విక్కీ చెప్పింది చెప్పినట్టే రాసుకొని పోయాడు.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చి గుమ్మం అవతల నిలబడింది. కొంగు నడుముకు దోపి ఉంది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో దవాఖాన కాగితాలు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నేను మొగులయ్య పెండ్లాన్ని. సాయమ్మ," అంది. "రాయి తీయమని పిలిచిన పెద్దయ్యవు నువ్వేనంట."

"నేనే."

"కుడిచేతి ఏల్లు రెండు తీసేసిన్రు. మూడోది చూడాలె అంటున్నరు." అది చెప్పడానికి వచ్చినట్టు లేదు ఆమె. ఊపిరి తీసుకొని అసలు సంగతికి వచ్చింది. "మా ఆయిన తాగిండని ఎవరో పోలీసోల్లకు జెప్పిన్రంట. మేస్త్రికి తెలిసింది. తాగెటోనికి నా కాడ జాగ లేదు, ఐతారం లోపల షెడ్డు ఖాళీ చెయ్యిన్రి అంటున్నడు. మా ఆయిన తాగడు పెద్దయ్యా. కల్లు గూడ ముట్టడు. మా నాయిన తాగి తాగి సచ్చిండని, పెండ్లి కాకముందే ఒట్టు వెట్టిచ్చిన. నాకు ఈడి మాటలు రావు. నువ్వు తెల్గాయినవు. ఆ పోలీసాయినకు నువ్వన్న జెప్పు."

"చెప్పుడు కాదమ్మా, రుజువు చేస్త," అన్నాడు రాజలింగం. తన గొంతు గల్లీ అంతా వినిపించేంత పెద్దదవడం ఆయనకే తెలిసింది. "బండిలనే తప్పుంది. జూనా సామాను పెట్టొద్దని ముందే చెప్పిన. రేపు విప్పి, ఎవరి తప్పో శనివారం ఆ హవల్దార్ ముందల పెడత."

లోపల విక్కీ చేతిలోని పానా నేల మీద పడింది. సాయమ్మకు సామాను సంగతి అర్థం కాలేదు. "తాగలేదని జెప్పు, గంతే సాలు," అని మళ్లీ అదే మాట అని వెళ్లిపోయింది.

* * *

శుక్రవారం పొద్దున విక్కీ కనిపించలేదు. కారు పార్టీని బతిమాలుకోవడానికి పోయాడని పాన్ దుకాణం మనిషి చెప్పాడు. రాజలింగం ఒక్కడే కారు ముందు భాగాన్ని లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, కిందికి దూరాడు.

ముందు కింది సిలిండర్ మూతి మీది రబ్బరు తొడుగు వెనక్కి తీశాడు. లోపల తడి ఉంటుందనుకున్నాడు. పొడిగా ఉంది. వేలు పెట్టి తిప్పి, బయటికి తీసి వెలుతురులో చూశాడు. వేలు పొడిగానే ఉంది. గొట్టం కలిసే చోటా, పై సిలిండర్ కిందా తుడిచి చూశాడు. ఎక్కడా నూనె చెమ్మ లేదు.

లోపలి రబ్బరు అరిగి ఉంటే బయటికి కారకపోవచ్చు. అది తెలియాలంటే పెడల్ తొక్కి పట్టుకొని ఉండాలి, తను కింద పడుకొని కడ్డీ వెనక్కి జారుతుందేమో చూడాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒంటిగంటకు భార్య రత్నాబాయి అన్నం డబ్బా తెచ్చింది. తాముండే చాల్‌లో రెండో అంతస్తు నుంచి ఆ డబ్బాతో దిగి రావడం ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు.

"డబ్బా ఆడ పెట్టి, కార్ల కూసో," అన్నాడు కింది నుంచే.

"నేనా? కార్లనా?"

"ఎడమ దిక్కు పెడల్. తొక్కమన్నప్పుడు తొక్కు, ఇడువమన్నప్పుడు ఇడువు."

ఆమె చెప్పులు విప్పి మరీ కారెక్కింది. "తొక్కు" అన్నాడు. కడ్డీ ముందుకొచ్చింది. "అట్లనే పట్టుకో." ఒకటి నుంచి అరవై దాకా లెక్కపెట్టాడు. కడ్డీ వెంట్రుకవాసి కూడా వెనక్కి జారలేదు. ఇంకో అరవై లెక్కపెట్టాడు.

"కాలు నొస్తుందయ్యా."

"ఇడువు."

సిలిండర్లో ఏ దోషమూ లేదు. నూనె కారుతూ ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు రాజలింగం. అనుకున్నాక, ఎందుకు బాగుండేదో తట్టింది.

డయల్ గేజి తీసుకున్నాడు. గడియారం లాంటి ముల్లు ఉండి, ఇనుము ఎంత కదిలిందో చెప్పే సాధనం అది. దాని అయస్కాంతపు కాలును పోయిన ఆదివారం పెట్టినట్టే బ్రాకెట్ మీద పెట్టాడు. "తొక్కు." పదమూడు మిల్లీమీటర్లు. క్లచ్ విడవడానికి పన్నెండు చాలు. ఆదివారం కూడా ఇదే లెక్క వచ్చింది. దాన్ని విక్కీకి చూపించి, భుజం తట్టించుకొని, చాయ్ తాగి ఇంటికి పోయాడు.

ఇంక చూడవలసింది ఫోర్కు ఒక్కటే. అక్కడికి అందడం కోసం గేజి కాలును బ్రాకెట్ మీద నుంచి తీసి గేర్‌బాక్సు గుల్ల మీదున్న ఇనుప బోల్టుకు అంటించాడు.

"తొక్కు."

ఐదు.

కాలు జారిందేమోనని గట్టిగా అదిమి పెట్టాడు. "ఇడువు. మల్ల తొక్కు."

ఐదు.

కడ్డీ పదమూడు కదులుతోంది, ఫోర్కు ఐదే కదులుతోంది. మిగతా ఎనిమిది ఎటు పోతున్నట్టు? చూపుడు వేలు తీసుకుపోయి, బ్రాకెట్ గేర్‌బాక్సును తాకి వంగే మూలలో ఆనించాడు.

"తొక్కు."

వేలి కింద ఇనుము కదిలింది. నిద్రపోతున్న పిల్లవాడి డొక్కలా మెల్లగా తెరుచుకుంది. ఆమె కాలు తీయగానే మూసుకుంది.

"ఏమైంది?" పైనుంచి రత్నాబాయి అడిగింది.

ఆయన వేలు తీశాడు. గుడ్డకు కిరసనాయిలు అద్ది ఆ మూలంతా తడిపాడు. ఆరేలా తుడిచి, సుద్దముక్కతో తెల్లగా రుద్దాడు. పగులు ఉంటే లోపల దాగిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి బయటపడుతుంది. పడుకొని చూస్తూ ఉన్నాడు. తెలుపు మీద ముందు ఒక చుక్క, తర్వాత చుక్క పక్కన చుక్క. వెల్డింగ్ అంచు వెంబడి ఆ చివర నుంచి ఈ చివర దాకా నల్లటి గీత పడింది.

ఆ మూలకు మొదట అడ్డంగా ఒక ముక్కోణపు పట్టీ వెల్డింగ్ చేశాడు తను. అది సైలెన్సర్ పైపుకు తగిలింది. పైపును పక్కకు జరపడానికి బదులు గ్రైండర్ తీసుకొని పట్టీనే కోసేశాడు. రేకు మందంగా ఉంది కదా, ఆగుతుందిలే అనుకున్నాడు. కొలత కూడా ఆ బ్రాకెట్ మీద గేజి పెట్టే తీశాడు. బ్రాకెట్ కదిలినప్పుడల్లా దాని మీది గేజి కూడా కలిసి కదిలింది. కదలిక కనిపించే దారే లేకుండా తనే చేసుకున్నాడు. నెమ్మదిగా తిరుగుతున్న చక్రం బుధవారం నాడు కూడా ఆ సంగతే చెప్పింది. తను దాని మీద చెయ్యి వేసి ఆపాడు.

రాజలింగం కారు కింది నుంచి వెంటనే బయటికి రాలేదు. ఆయన కాళ్లు రెండూ బయట కదలకుండా ఉండడం చూసి రత్నాబాయి దిగి వచ్చి వంగి చూసింది.

"అడుగున మెత్తగ దిగుతుంది ఆ పెడల్," అంది. "నాకే తెలిసింది. బురదల కాలు వెట్టినట్టుంది. అదేనా?"

"అదే."

"ఎవరు చేసిన్రు?"

"నేనే."

 ఆమె డబ్బా మూత తీయకుండానే అక్కడ వదిలి, చెప్పులు వేసుకొని వెళ్లిపోయింది.

నాలుగింటికి విక్కీ వచ్చాడు. రాజలింగం బ్రాకెట్ విప్పి బల్ల మీద పెట్టి ఉన్నాడు. విషయమంతా చెప్పాడు. విక్కీ బ్రాకెట్‌ను ఎత్తి చూసి, గీత మీద గోరుతో గీకి, షట్టర్ సగం కిందికి లాగాడు.

"ఎవరన్న చూసిన్రా?"

"రత్న ఉండె."

"మన రత్న కాకీనే గద. కాకా, పట్టీ పెట్టి వెల్డింగ్ కొట్టేద్దాం. పెయింట్ కొడదాం. రేపు బండి బరాబర్ ఉందని చెప్పు. అది ఝూట్ గూడ కాదు, రేపటికి బరాబరే ఉంటది." షట్టర్ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "నీ మాట మీదనే నడుస్తుంది కాకా ఈ దుకాణం. నువ్వు తప్పు చేసినవంటే ఈ గల్లీల నాకు బండి ఎవడిస్తడు?"

"నా మాట మీదనే వాడు తాగుబోతయిండు," అన్నాడు రాజలింగం. "నేను కట్టిన బండి తప్పు చెయ్యదంటివి. చెయ్యకపోతే వాడే చేసుండాలె. అంతేగద నువ్వు చెప్పింది."

విక్కీ బ్రాకెట్‌ను బల్ల మీద పెట్టేశాడు.

"విక్కీ, వాడు చక్రం ముందల వంగినప్పుడు గేర్ల ఎందుకు పెట్టుకొని ఉన్నవ్?"

విక్కీ నేల చూపులు చూశాడు. "జల్దీ ఉండె."

"నాకూ జల్దీనే ఉండె," అన్నాడు రాజలింగం. బ్రాకెట్‌ను గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాడు. విక్కీ అడ్డం వస్తాడేమో అనుకున్నాడు. రాలేదు. షట్టర్ పైకి ఎత్తి పక్కకు తప్పుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో రత్నాబాయి బియ్యం ఏరుతూ ఆయన వైపు చూడకుండా మాట్లాడింది.

"చెప్తవా?"

"చెప్పాలె."

"కేసు నీ మీదికి వస్తది."

"వస్తది."

"ముప్పై ఏండ్లు రాజలింగం పెండ్లాన్ని అని చెప్పుకుంట ఈ చాల్‌ల తిరిగిన. నల్లా కాడ గూడ నన్ను ముందుకు పొమ్మంటరు. రేపటికెల్లి ఏమని తిరగాలె?" చాట కింద పెట్టింది. కళ్లనిండా నీళ్లున్నాయి, గొంతులో మాత్రం కోపమే ఉంది. "పట్టీ కోసేటప్పుడు నీకు యాదికి రాలేదా?"

 ఆమె మళ్లీ చాట ఎత్తుకుంది. కొంచెం సేపటి తర్వాత, వేరే సంగతి చెబుతున్నట్టు అంది: "పొద్దుగాల ఆ సాయమ్మకు దవాఖానకు అన్నం పంపిన. పోయినప్పుడు ఆ డబ్బా వాపసు తీసుకరా."

* * *

శనివారం పొద్దున చౌకీలో హవల్దార్ బ్రాకెట్‌ను అటూ ఇటూ తిప్పాడు. అది ఏమిటో ఆయనకు అర్థం కాలేదు. రాజలింగం రెండు చేతులతో పట్టుకొని మూల దగ్గర వంచి చూపించాడు. పగులు నోరు తెరిచింది. హవల్దార్ "అరే" అని, కాగితం ముందుకు లాక్కొని మరాఠీలో రాసి, సంతకం పెట్టమన్నాడు.

రాజలింగం చదివాడు. వాహనంలో లోపం ఉన్నట్టు మెకానిక్ తెలిపాడని ఉంది.

"వాహనం మొత్తంల కాదు సాహెబ్," అన్నాడు. "ఈ ముక్కలో. ఈ ముక్క నేను చేసింది. అది రాయండి."

హవల్దార్ కళ్లజోడు మీది నుంచి చూశాడు. "తెలిసే అంటున్నావా? బండి నడిపినవాడితో పాటు నీ పేరు కూడా కేసులోకి ఎక్కుతుంది."

"ఎక్కనీయండి. ఆ మనిషి తాగలేదన్నది కూడా రాయండి. నేనే రాయి తీయమని పిలిచిన. రెండడుగుల దూరంల ఉన్న."

హవల్దార్ నిట్టూర్చి ఇంకో కాగితం తీశాడు. దవాఖాన వాళ్లు కూడా తాగినట్టు ఎక్కడా రాయలేదని, రాసుకుంటూ తనలో తను అనుకున్నట్టు అన్నాడు. బ్రాకెట్‌కు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకొని, పిలిచినప్పుడు తెమ్మని తిరిగి ఇచ్చాడు. రాజలింగం సంతకం పెట్టాడు. బ్రాకెట్‌ను మళ్లీ సంచిలో వేసుకున్నాడు.  

అక్కడి నుంచి కూలుస్తున్న చాల్ దగ్గరికి పోయాడు. కూలీలు అన్నాలకు కూర్చునే వేళ. మేస్త్రి ఇటుకల గుట్ట మీద కూర్చొని ఫోను చూసుకుంటున్నాడు. పదిమంది వినేలా, ముందు హిందీలో, తర్వాత తెలుగులో చెప్పాడు రాజలింగం: మొగులయ్య తాగలేదు, బండికి తను చేసిన పని విరిగింది, పోలీసులకు రాసిచ్చి వస్తున్నాడు. మేస్త్రి తల గోక్కున్నాడు. "అయితే ఉండమను, చెయ్యి మానేదాక ఉండమను," అన్నాడు. కూలీల్లో ఒక ముసలాయన ముద్ద చేతిలో పట్టుకొని రాజలింగాన్ని కింది నుంచి మీది దాకా చూశాడు. 

దవాఖానకు వర్క్‌షాపు ముందు నుంచే పోవాలి. కారు పార్టీ వచ్చి విక్కీతో గట్టిగా మాట్లాడుతున్నాడు. పాన్ దుకాణం మనిషి రోజూ చెయ్యెత్తి పలకరించేవాడు. ఇవాళ డబ్బాలు సర్దుకుంటూ ఉండిపోయాడు. మాట అప్పుడే గల్లీకి చేరినట్టుంది.

దవాఖాన వార్డులో కిటికీ పక్క మంచం మొగులయ్యది. కుడి చెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టు, దిండు మీద ఎత్తిపెట్టి ఉంది. సాయమ్మ నేల మీద కూర్చొని ఉంది. రాజలింగాన్ని చూసి లేచి, కడిగి పెట్టిన డబ్బా అందించింది.

"మేస్త్రి ఉండమన్నడమ్మా," అన్నాడు ముందుగా. ఆమె రెండు చేతులూ మొహానికి పెట్టుకొని అలాగే కింద కూలబడింది.

తర్వాత మంచం వైపు తిరిగాడు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలేవీ రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తప్పు సిలిండర్‌దనుకున్నాడు, కాదు. విక్కీ గేరులో పెట్టుకొని ఉన్నాడు, నిజమే, కానీ క్లచ్ విడిచి ఉంటే బండి కదిలేది కాదు. క్లచ్ విడవకపోవడానికి కారణం తను చేసిన ముక్క.

మొగులయ్య కళ్లు మూసుకొని విన్నాడు. నలభై ఏళ్లుంటాయి. సున్నం ఇంకా చెవుల వెనక అంటి ఉంది.  పక్క మంచం దగ్గర ఎవరో స్టీలు గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు.

"యాడుంది అది?" అన్నాడు చివరికి.

రాజలింగం సంచిలోంచి తీసి ఇచ్చాడు. మొగులయ్య ఎడమచేత్తో అందుకొని ఛాతీ మీద పెట్టుకున్నాడు. బొటనవేలితో ఒక రెక్క వెంబడి పోయి, మూల దగ్గర ఆగి, రెండో రెక్క మీదికి పోయాడు. మళ్లీ మూలకే వచ్చాడు.

"ఈ మూలకు అడ్డం ఏది?"

రాజలింగం ఆ మూల వైపే చూశాడు.

"సెంట్రింగ్ కొట్టేటప్పుడు," అన్నాడు మొగులయ్య, ముక్కను చూస్తూనే, "రెండు కట్టెలు గిట్ల మూల కలిపినమనుకో, నడుమ అడ్డం కొట్టంది మా మేస్త్రి ఎవ్వన్నీ మీదికెక్కనియ్యడు. కట్టె ఎంత లావుగున్నా సరే. ఇది బరువు మోసేదే గద పెద్దయ్యా. అడ్డం పెట్టలేదా?"

"పెట్టిన. పైపుకు తగిలితే కోసేసిన."

"పైపు జరగదా?"

"జరుగుతది."

"ఎంతసేపు పని?"

"ఒక గంట," అన్నాడు రాజలింగం.

మొగులయ్య తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. సాయమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. రాజలింగానికి తల వంచుకొని నిలబడడం తప్ప ఇంకేం చేయాలో తెలియలేదు. తిట్టినా బాగుండు, పొమ్మన్నా బాగుండు అనుకున్నాడు.  మొగులయ్య మొహం తిప్పకుండానే ముక్కున్న ఎడమచేతిని వెనక్కి చాచాడు.

"మల్ల చేస్తవు గద ఇది?"

"చెయ్యాలె."

"చేసినంక నాకు చూపియ్యి."

రాజలింగం రెండు చేతులతో దాన్ని అందుకున్నాడు.

"బిగించకముందే తెస్త," అన్నాడు.